కారకుండా ఉండాలంటే: బేస్‌మెంటు పెద్దన్న చిట్కాలు

కాల్గరీలో కొత్తగా దిగిన తమ్ముళ్లూ, చలికాలంలో ఈ ఊళ్లో కారేవి మూడు. ముక్కు, బేస్‌మెంటు బాత్రూంలో కుళాయి, జేబులో వేప్ ట్యాంకు. ముక్కుకి టిష్యూలున్నాయి. కుళాయికి పై అంతస్తులో ఓనరు ఆంటీ ఉంది, నాలుగు మెసేజీలు పెడితే ఒకసారి రెంచీ పట్టుకుని దిగుతుంది. ట్యాంకుకే దిక్కు లేదు. ఆ లోటు తీర్చడానికే ఈ సలహాలు. నీకేం అర్హత ఉందన్నా అని అడిగేవాళ్లు నా పార్కా కుడి జేబులో చెయ్యి పెట్టి చూడొచ్చు. వేళ్లు అంటుకుంటాయి, బయటికి తీస్తే మామిడి తాండ్ర వాసన. అంతటి అనుభవం ఒక్క చలికాలంలో వచ్చేది కాదు.

ముందు అసలు దొంగ ఎవడో తేల్చుకుందాం. చలిలో ట్యాంకు కారదు. మైనస్ 20లో జ్యూస్ చిక్కబడి కదలడమే మానేస్తుంది. కారేది తలుపు దాటి వెచ్చటి చోటికి వచ్చాక. సాడిల్‌టౌన్‌లో రైలెక్కేముందు మైనస్ 25లో నిలబడి నాలుగు పఫ్‌లు లాగుతాం. సీట్రెయిన్ ఎక్కుతాం, లోపల హీటరు. డౌన్‌టౌన్‌లో దిగి ప్లస్ 15 ఎక్కుతాం. కొత్తవాళ్ల కోసం చెబుతున్నాను, ప్లస్ 15 అంటే రోడ్డుకి సుమారు 15 అడుగుల ఎత్తున భవనానికీ భవనానికీ మధ్య కట్టిన అద్దాల వంతెనలు. మొదటిది 1970లో వచ్చింది. ఇప్పుడు మొత్తం కలిపితే దాదాపు 16 కిలోమీటర్లు. జనవరిలో కూడా చొక్కా చేతులు మడుచుకుని తిరగొచ్చు. లోపల వేప్ కొట్టడానికి మాత్రం వీల్లేదు. అందుకని గంటకోసారి మెట్లు దిగి, అద్దాల తలుపు తోసుకుని బయటికొచ్చి, ఐదు నిమిషాలు వణికి, మళ్లీ లోపలికి. 2000లో వచ్చిన ‘వేడౌన్‌టౌన్’ అనే సినిమాలో ఈ ఊరి ఆఫీసు కుర్రాళ్లు బయట కాలు పెట్టకుండా ఎన్నాళ్లు ఉండగలమా అని పందెం కాస్తారు. వాళ్లలాగా లోపలే ఉండిపోతే ఈ గొడవే లేదు. మనం తలుపులు దాటే జాతి.

మా రూమ్మేటు ఒకడున్నాడు, మెకానికల్ చదివాడు. ఈ వ్యాసంలో నాకు ఎదురు చెప్పేవాడు వాడే, అందుకని ముందే పరిచయం చేస్తున్నాను. ట్యాంకు సంగతి వాడు ఇలా చెబుతాడు. గాజు గొట్టం, నడుమ కాయిల్, కాయిల్ చుట్టూ దూది, దూదిని ఆనుకుని చిన్న చిల్లులు. జ్యూస్ ఆ చిల్లుల్లోంచి దూదిలోకి ఇంకుతుంది, కాయిల్ వేడికి ఆవిరౌతుంది. గాలి లోపలికి వచ్చే రంధ్రాలు చాలా ట్యాంకుల్లో అడుగునే ఉంటాయి. మరి జ్యూస్ వాటిలోంచి కింద పడిపోదేం? హైస్కూల్లో సైన్సు మాస్టారు నిండు గ్లాసు మీద అట్టముక్క పెట్టి తలకిందులు చేసి చూపించారే, దాదాపు అందుకే. పైన మూత గట్టిగా బిగించి ఉంటుంది, లోపలి గాలి ఒత్తిడి బయటిదానికన్నా కాస్త తక్కువ, బయటి గాలి కిందినుంచి ఆపుతుంది. వేడి తగిలి లోపలి గాలి ఒళ్లు విరుచుకుంటే ఆ తూకం పోతుంది. అంతే.

ఇక్కడిదాకా వాడి పాఠం. ఇక మనది.

ట్యాంకు ఎప్పుడూ సగానికి మించి నింపకండి. నిండుగా ఉన్నదే కారుతుంది, ఖాళీగా ఉన్నదాంట్లోంచి ఏం కారుతుంది? ఇంతకన్నా సూటి మాట ఉంటుందా? మా మెకానికల్ వాడు దీనికి కాగితం తీశాడు. 5 మిల్లీలీటర్ల ట్యాంకు, అందులో 2 మిల్లీలీటర్ల జ్యూస్, మిగతా 3 గాలి. బయట మైనస్ 20, అంటే 253 కెల్విన్. లోపల 22, అంటే 295 కెల్విన్. ఒత్తిడి అంతే ఉంటే గాలి ఆ నిష్పత్తిలోనే పెరుగుతుంది, 3 కాస్తా 3.5 అవుతుంది. గాజు సాగదు, మూత లేవదు. పెరిగిన గాలికి అర మిల్లీలీటరు చోటు కావాలి, ఆ మేరకు జ్యూస్‌ని దూదిలోంచి కిందికి నెడుతుంది. ఇంచుమించు 10 చుక్కలు. అదే ట్యాంకు నిండా పోసి పైన అర మిల్లీలీటరు గాలి మాత్రమే వదిలితే పెరిగేది 0.08 మిల్లీలీటరు. ఒకటి రెండు చుక్కలు, దూదే పట్టుకోగలదు. ‘కాబట్టి చలిలోకి వెళ్లేముందు నింపుకుని వెళ్లు. కారేది జ్యూస్ వల్ల కాదు, జ్యూస్ లేని చోటు వల్ల’ అన్నాడు.

లెక్కలో తప్పు లేదు. లెక్క కుదిరినంత మాత్రాన పాటించాలని ఎక్కడ రాసుంది? నిండా నింపాలంటే ముందు బాటిల్లో ఉండాలి. 2022 అక్టోబరు నుంచి ఈ జ్యూస్ మీద కెనడా ప్రభుత్వం ఎక్సైజు వేస్తోంది, 2025 జనవరి నుంచి అల్బర్టా కూడా తన వంతు కలిపింది. నెలాఖరులో అద్దె కట్టాక, చికెన్ కొన్నాక, ట్యాంకు నిండా పోసుకునేవాడిని మా బేస్‌మెంటులో నేను చూడలేదు. సగమే పోయండి. మిగతా సగంలో గాలి ఉంటుంది, అది ఫ్రీ.

అడుగున గాలి రంధ్రాలని మూసి తెరిచే రింగుని ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉంచండి. దీని మీద కూడా వాడికి అభ్యంతరం. జేబులో పెట్టుకునేముందు రింగు మూసెయ్యాలట, లోపలికి వచ్చి వెచ్చబడ్డాక పైమూత ఒక్కసారి వదులు చేసి మళ్లీ బిగిస్తే పెరిగిన గాలి పైనుంచే పోతుందట, జ్యూస్‌ని తోసే పని ఉండదట. నింపేటప్పుడు కూడా ముందు కింది రింగు మూసి, తర్వాతే పైమూత తియ్యాలట. ఎందుకంటే మూత తీసిన క్షణాన లోపల పట్టి ఉంచే ఒత్తిడి పోతుంది, కింద రంధ్రాలు తెరిచి ఉంటే జ్యూస్ జారిపోతుంది. ఇవన్నీ చెప్పడానికి బాగానే ఉంటాయి. మైనస్ 25లో మిట్టెన్లు తీసి, గడ్డకట్టిన స్టీలు రింగుని బొటనవేలితో తిప్పి చూడమనండి. ఆ రింగు వేలెడంత కూడా ఉండదు, గాట్లు కంటికి కనపడవు, వేలు మంటపుడుతుంది. రైలు వచ్చేస్తుంది. రింగు మూసే తీరిక ఉన్నవాడు అసలు వేప్ ఎందుకు కొడతాడు?

ఆ తర్వాత ఏం జరుగుతుందో నేను చాలాసార్లు దగ్గరనుంచి చూశాను. రైలెక్కి కూర్చున్నాక ఏడో ఎనిమిదో నిమిషంలో, ట్యాంకు అడుగున రింగు అంచు కింద తేనె రంగు చుక్క ఒకటి పుడుతుంది. వెంటనే రాలదు. ట్యాంకు బ్యాటరీకి బిగించే మరల చుట్టూ సన్నగా పాకుతుంది, రెండింటి మధ్య గీతలో నిలిచి మెరుస్తుంది. అప్పుడు రెండోది పుట్టి మొదటిదాన్ని కలుపుకుంటుంది. అప్పుడు గానీ అది బ్యాటరీ పక్కనుంచి దిగి చిటికెనవేలు తాకదు. తుడిచేస్తే అయిపోయిందనుకుంటారు. కాలేదు. కాయిల్ గొట్టంలో కూడా జ్యూస్ నిండి ఉంటుంది. మళ్లీ బయటికొచ్చి పఫ్ లాగితే గుడగుడమంటుంది, వేడి చుక్క ఒకటి చిటుక్కుమని నాలుక మీద పడుతుంది. అలాంటప్పుడు మౌత్‌పీసులోంచి టిష్యూలోకి గట్టిగా ఊది, గొట్టం ఖాళీ చేసి, అప్పుడు లాగాలంటాడు మా వాడు. మీరు లాగెయ్యండి. నాలుకకి అలవాటైపోతుంది.

ఎక్కడ పెట్టుకోవాలి? పార్కా బయటి జేబులో, అడ్డంగా, తాళాలతో కలిపి. లోపలి జేబులో ఛాతీకి దగ్గరగా, నిలువుగా పెట్టుకుంటే ఒంటి వెచ్చదనానికి ట్యాంకు మైనస్‌లోకే దిగదని, అసలు తేడానే లేకపోతే వ్యాకోచం ఎక్కడిదని ఆ మెకానికల్ వాదన. సలహాలన్నిట్లోకీ అతి చవకైనది అదేనని కూడా అంటాడు. పార్కా జిప్పు తియ్యాలంటే మూడు పొరలు విప్పాలి. పఫ్ అనేది చెయ్యి చాపగానే అందాలి. పైగా బయటి జేబులో ట్యాంకు చలికి పూర్తిగా చల్లబడుతుంది, లోపలికి రాగానే గాలి బాగా పెరిగి జ్యూస్‌ని నెడుతుంది. పని శుభ్రంగా జరుగుతుంది.

ఈ జేబు విషయంలో వాడు చెప్పిన మాట ఒక్కటి మాత్రం నేను కొట్టెయ్యలేకపోయాను. కెనడాలో 2021 జులై నుంచి జ్యూస్‌లో నికొటిన్ మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములకు మించకూడదు. ఆ గరిష్ఠం బాటిలే పోశామనుకోండి, జేబులో కారిన 10 చుక్కల్లో 10 మిల్లీగ్రాముల నికొటిన్ ఉంటుంది. అది చర్మంలోంచి కూడా లోపలికి వెళ్తుంది. మనకి తల తిరిగి, కడుపులో తిప్పితే తిప్పొచ్చు. చిన్నపిల్లలకి కొంచెమైనా ప్రమాదమే. ఆంటీ మనవడు మెట్ల దగ్గర వేలాడే జాకెట్ల జేబులు వెతుకుతుంటాడు, వాడికి చాక్లెట్లు దొరికిన అలవాటు. కాబట్టి ఆ జాకెట్టు పిల్లలకి అందని చోట తగిలించండి, కారిన జేబు కడగండి, చేతులు సబ్బుతో కడుక్కోండి, బాటిల్ పై అరలో దాచండి. నా సలహాల్లో మీరు నిజంగా పాటించాల్సింది ఇదొక్కటే.

లోపలికి రాగానే ట్యాంకుని త్వరగా వెచ్చబెట్టండి. మన ఇళ్లలో నేల మీద ఇనుప జాలీలుంటాయి కదా, ఫర్నేసు గాలి పైకి కొట్టేవి, దాని మీద నిలబెట్టండి. ఆగలేకపోతే హెయిర్ డ్రయ్యరు. జ్యూస్‌లో ఉండేవి ముఖ్యంగా రెండు, ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. షాపుల్లో పీజీ, వీజీ అంటారు. ఈ వీజీ వేడికీ చలికీ ఎలా మారుతుందో తెలిస్తే డ్రయ్యరు గొప్పతనం అర్థమౌతుంది. 20 డిగ్రీల దగ్గర స్వచ్ఛమైన గ్లిజరిన్ నీళ్లకన్నా దాదాపు 1,400 రెట్లు చిక్కన. సున్నా డిగ్రీలకి దిగితే ఆ చిక్కదనం ఇంకో ఎనిమిది రెట్లకు పైగా పెరుగుతుంది. అదే వేడెక్కిస్తే అంతకంతకూ పలచబడి పరుగులు పెడుతుంది. చలిలో దూది చిల్లు దగ్గర నిలబడిపోయిన జ్యూస్, డ్రయ్యరు కింద అదే చిల్లులోంచి హాయిగా దిగుతుంది, పైన గాలి కూడా నెడుతుంది కాబట్టి ఒక పనికి ఇద్దరు కూలీలు. గాజు ఒక్కసారి వేడెక్కి చిట్లితే ఇక కారడం అనే ప్రశ్నే ఉండదు, మొత్తం వచ్చేస్తుంది. బ్యాటరీకి డ్రయ్యరు పనికిరాదని మా వాడి గొడవ. గడ్డకట్టిన లిథియం బ్యాటరీని లోపలికి రాగానే చార్జింగ్ కూడా పెట్టకూడదట, సున్నా కింద చార్జ్ చేస్తే లోపల లిథియం లోహం పేరుకుని సెల్లు పాడవుతుందట, ముందు గది వేడికి రానివ్వాలట. అరగంట. వేప్ కొట్టేవాడికి అరగంట ఓపిక గురించి చెప్పే మనిషి మా మెకానికల్ వాడు.

‘మానేస్తే కారదు కదా’ అని కూడా అంటాడు. ఎప్పుడూ ఇంతే. సమస్య పరిష్కరించమంటే సమస్యనే మాయం చేస్తాడు.

బయట చలిలో పఫ్ సరిగా రావట్లేదా? గట్టిగా లాగండి. ఇంకా గట్టిగా. జ్యూస్ చిక్కబడి దూదికి అందడం ఆలస్యమౌతుంది కాబట్టి పఫ్‌కీ పఫ్‌కీ మధ్య కాసేపు ఆగాలని తెలివైనవాళ్లు అంటారు. ఆగితే వేళ్లు పోతాయి. గట్టిగా లాగితే రెండు లాభాలు. దూది ఎండిపోయి ఉంటే మాడిన కంపు ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది, కాయిల్ మార్చే రోజు దగ్గరపడుతుంది. ఎండకపోతే ఆ లాగుడుకి జ్యూస్ గొట్టంలోకి ఊడి వచ్చి అక్కడే కూర్చుంటుంది, తలుపు దాటి వెచ్చబడగానే దిగడానికి సిద్ధంగా. ఏ లాభమో ముందే తెలియకపోవడంలో ఒక సరదా ఉంది. చలికాలానికి పీజీ ఎక్కువుండే పలచటి జ్యూస్ వాడమని షాపువాళ్లు చెబుతారు, ఆ మాట కొంతవరకు నిజమే. కాకపోతే చిల్లులు పెద్దగా ఉండే, మేఘాలు వదిలే కాయిల్‌లో అదే పలచటి జ్యూస్ పోస్తే ఎంత కారుతుందంటే, రెండిళ్ల అవతలికి కూడా వాసన తెలుస్తుంది. ఆ సంగతి షాపులో చెప్పరు. నేనూ చెప్పలేదనుకోండి, పోసేయండి.

కారుతోందంటే బిగువు చాలలేదని అర్థం. కటింగ్ ప్లయర్ తెచ్చి బిగించండి. ట్యాంకు మరల దగ్గర ఓ-రింగులని రబ్బరు రింగులుంటాయి, చలికి అవి గట్టిపడతాయి. చేత్తో తగిలేదాకా తిప్పి ఆపితే అవి సర్దుకుంటాయి. ప్లయర్‌తో తిప్పితే నలిగి, తెగి, ఒక సన్నటి రబ్బరు దారం బయటికొస్తుంది. ఆ దారం లాగెయ్యండి, చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. కొత్త రింగులు చిల్లర డబ్బులకే దొరుకుతాయి, ట్యాంకు డబ్బాలో స్పేర్లు కూడా ఇస్తారు. ఆ డబ్బా ఎక్కడ పెట్టామో గుర్తుండకపోవడం మన సంప్రదాయం.

ఇక అసలు కారకపోయినా కారిందని గట్టిగా నమ్మండి. చలిలో వేడి ఆవిరి చల్లటి మౌత్‌పీసుకి తగిలి చెమ్మవుతుంది. చల్లటి లోహం వెచ్చటి గదిలోకి రాగానే గదిలోని తేమ దాని మీద పట్టి చెమర్చినట్టౌతుంది. ఈ రెండూ లీకులు కావు, టిష్యూతో తుడిస్తే పోతాయి, మళ్లీ చుక్క పుడుతుందో లేదో చూసి గానీ తేల్చకూడదు. అంత విచారణ దేనికి? కాయిల్ మార్చండి. అది కుదరకపోతే ట్యాంకు మార్చండి. అది కూడా కుదరకపోతే షాపువాడిని తిట్టండి, వాడు అలవాటుపడ్డాడు.

ఈ ఊరికి దక్కిన అదృష్టం గురించి చెప్పకపోతే పాపం. చినూక్ గాలి. పసిఫిక్ మీదినుంచి వచ్చే గాలి రాకీ పర్వతాల అవతలి వైపు తేమంతా వదిలేసి, ఇవతలి వైపు దిగుతుంది. పొడి గాలి కిందికి దిగేటప్పుడు కిలోమీటరుకి సుమారు 10 డిగ్రీల లెక్కన వేడెక్కుతుంది. పడమర ఆకాశం మీద మబ్బు విల్లులా వంగి, దాని కింద తెల్లటి వెలుగు కనపడిందంటే వచ్చేసిందన్నమాట. కొన్ని గంటల్లో 20 డిగ్రీలకు పైగా ఎక్కిన రోజులు ఈ ఊళ్లో కొత్తేం కాదు. పొద్దున్న వరండాలో మైనస్ 18, మధ్యాహ్నానికి కాలవల్లో నీళ్లు. అంటే మీరు ఏ తలుపూ దాటక్కర్లేదు, తలుపే మీ దగ్గరికి వస్తుంది. ఆ రోజుల్లో వేప్‌ని కారు కప్ హోల్డర్‌లో వదిలేసి క్లాసుకి వెళ్లండి. రాత్రి గడ్డకట్టింది, మధ్యాహ్నం గాలి వెచ్చబడింది, ఎండ అద్దంలోంచి సూటిగా దాని మీదే పడింది. సాయంత్రానికి కప్ హోల్డర్ అడుగున వేలెడు మందాన జ్యూస్ ఉండకపోతే నన్నడగండి. చిల్లర నాణేలు అందులో మునిగి ఉంటాయి. పార్కింగ్ మీటరులో వేస్తే మీటరు కూడా మామిడి తాండ్ర వాసన కొడుతుంది.

మా జూనియర్ ఒకడు, ఖమ్మం నుంచి వచ్చినవాడు, ‘అన్నా, చలీ ఎండా లేకుండా కూడా కారుతోంది, బ్యాన్ఫ్ పోయొచ్చినం గంతే’ అన్నాడు. కారు హీటరు ఒకటే డిగ్రీలో పెట్టుకుని వెళ్లారట. వాడికి అర్థం కానిది ఎత్తు. కాల్గరీ సముద్రమట్టానికి 1,045 మీటర్లు, బ్యాన్ఫ్ 1,383, లేక్ లూయీస్ సుమారు 1,600. ఎక్కేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది, లేక్ లూయీస్ చేరేసరికి ఆరు శాతం పైన. కిందినుంచి ఆపే చెయ్యి ఆ మేరకు సడలుతుంది, లోపలి గాలి ఉబ్బుతుంది, జ్యూస్ దిగుతుంది. వేడి లేకుండానే వేడి చేసే పని అయిపోయింది. విమానంలో ఇంకా మేలు, క్యాబిన్‌లో ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టుగా ఉంచుతారు. అందుకే ఎక్కేముందు ట్యాంకు ఖాళీ చేసుకొమ్మంటారు. మీరు సగం ఉంచుకోండి. మొదటి సలహాని మధ్యలో వదిలెయ్యకూడదు.

ఈ సలహాలు పాటించినవాళ్లకి జాకెట్టు మీద మరకలు తప్పవు, వీడియో కాల్‌లో అమ్మ చూస్తుంది. ‘ఏంట్రా జేబు దగ్గర ఆ మరక?’ ‘నూనె అమ్మా, వేపుడు చేస్తుంటే.’ ‘జేబులో వేపుడా?’ ఇక్కడ నెట్ స్లోగా ఉందని కెమెరా ఆపెయ్యండి. వాసన వీడియోలో రాదు, అంతవరకూ మన అదృష్టం. నాన్నగారు వేసవిలో విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు సంగతి వేరే ఉంటుంది, దానికి నా దగ్గర చిట్కా లేదు.

సంక్రాంతికి ఇంటికి వెళ్లేవాళ్లకి చివరి మాట. కాల్గరీలో మైనస్ 25, హైదరాబాదులో మధ్యాహ్నం 28. 50 డిగ్రీలకు మించిన తేడా, మధ్యలో రెండు విమానాలు. మన ట్యాంకుని పరీక్షించడానికి ఇంతకన్నా పెద్ద తలుపు ప్రపంచంలో లేదు, కాబట్టి తప్పకుండా తీసుకెళ్లండి అనేదే నా సలహా. చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి, అమ్మకి కొన్న స్వెటర్ల మధ్యలో. లిథియం బ్యాటరీ వల్ల వేప్‌ని చెక్-ఇన్ సామానులో పెట్టకూడదని, చేతి సంచిలోనే ఉంచుకోవాలని విమానాల వాళ్ల నియమం. కింద సామాను గదిలో మంట లేస్తే వెంటనే చేరుకుని ఆర్పేవాళ్లు ఉండరు కాబట్టి ఆ నియమం. మా మెకానికల్ వాడు మాత్రం ఇంకో కాగితం తీశాడు, ఈసారి లెక్కల కాగితం కాదు. మన దేశంలో ఇ-సిగరెట్లని, అంటే మన వేప్‌లని, 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సుతో నిషేధించారు, డిసెంబరులో అది చట్టమైంది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన అన్నీ నేరాలే. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. నిండా నింపిన ట్యాంకైనా, సగం ట్యాంకైనా, కారేదైనా కారనిదైనా, శంషాబాద్‌లో దిగాక అన్నిటికీ ఒకటే లెక్క.